గంప కింద నాలుగు రోజులు

సూరాయమ్మ పెరట్లో నాలుగు నులక మంచాలు వేస్తే ఇక నడవడానికి దారి ఉండదు. ఆ కాస్త చోటులోనే ఒక మునగచెట్టు, ఒక వంటపాక, ఒక తాటాకుల కోళ్ళగూడు. ఇవి చాలనట్టు పదకొండు కోడిపిల్లలు, అన్నీ ఒకే పొదుగులో పుట్టినవి. పిడికిలంత ఉన్నప్పుడు వాటికి ఆ పెరడే పెద్ద ఊరు. మూడు నెలలు నిండి, కాళ్ళు సాగి, నెత్తిన జుట్లు ఎర్రబడేసరికి ఎవరు ఎటు తిరిగినా ఇంకొకరి తోక తగిలేది. తవుడు చట్టి మాత్రం ఒక్కటే. గొడవ మొదలైంది ఆ చట్టి దగ్గరే.

పదకొండుమందిలో ముందు కూత నేర్చినవాడు డేగడు. ఒళ్ళంతా ఎరుపు, మెడ మీద నిగనిగ. కూత అంటే నిజానికి అది కూత కాదు, గొంతులో గింజ అడ్డుపడితే వచ్చే కీచు. అయినా మిగతావాళ్ళు హడలిపోయారు. హడలిపోయారని తెలిశాక డేగడు ఊరుకుంటాడా? చట్టిలో ముందు తను తినాలన్నాడు. తన తరువాత నల్లపుంజు కాకోడు, కాకోడి తరువాత ఇంకొకరు, అలా వరస కట్టాడు. వరస తప్పినవాళ్ళ వీపున ముక్కు దిగేది.

ఆ వరసలో పదోది బూదమ్మ. బూడిదరంగు పెట్టపిల్ల, సన్నటి మెడ, ఎప్పుడూ బెదురుచూపులు. పదకొండోది తెల్ల. ఇద్దరూ గూట్లో పక్కపక్కనే పడుకునేవాళ్ళు. తెల్ల అంటే బూదమ్మకు ఇష్టమే. కానీ ఆ ఇష్టం కింద ఇంకో మాట దాక్కుని ఉండేది. తెల్ల ఉన్నన్నాళ్ళూ అందరికన్నా ఆఖరిది తను కాదు.

ఒక మధ్యాహ్నం తెల్లకు ఆకలి ఆగలేదు. వంతు రాకుండానే చట్టిలోకి మెడ చాపింది.

"ఎవరే అది?" అన్నాడు డేగడు.

"ఒక్క ముక్కెడే అన్నయ్యా."

డేగడు తోక మీద పొడిచాడు. ఒక ఈక ఊడి, దాని మొదట్లో రక్తం చుక్క తేలింది. తెల్లటి ఒంటి మీద ఎర్రటి చుక్క. కోడికి ఎరుపు కనపడితే ముక్కు ఆగదు. కాకోడు వచ్చి ఆ చుక్క మీదే పొడిచాడు. ఇంకొకరు, ఇంకొకరు. బూదమ్మ వెనక నిలబడి ఉంది. డేగడు తలతిప్పి దానివైపు చూశాడు. నువ్వెందుకు ఊరుకున్నావన్నట్టు చూశాడు. బూదమ్మ వెళ్ళి తనూ ఒక పోటు పొడిచింది. ఒక్కటే. అది తెల్లకు తగిలింది కూడా.

చీపురు పట్టుకుని సూరాయమ్మ పరుగెత్తుకొచ్చింది. అందర్నీ తరిమి, తెల్లను ఒళ్ళో పెట్టుకుని, దెబ్బకి పసుపు అద్ది, గోడవార గంప కింద మూసి పైన రాయి పెట్టింది. లోపలే నూకలు, లోపలే నీళ్ళు. నాలుగు రోజుల్లో దెబ్బ మానిపోయింది. ఐదో రోజు పొద్దున్నే గంప ఎత్తి, బట్టల మూట నెత్తిన పెట్టుకుని కాలవకి వెళ్ళిపోయింది.

తెల్ల ఎగురుకుంటూ చట్టి దగ్గరికొచ్చింది. "వచ్చేశానర్రా!" అంది.

తింటున్నవాళ్ళంతా తలలెత్తారు.

"ఎవరే నువ్వు?" అన్నాడు డేగడు.

"నేనే. తెల్లని."

"ఏ తెల్ల?"

వేళాకోళం అనుకుని తెల్ల నవ్వబోయింది. వేళాకోళం కాదు. సూరాయమ్మ ఉతికిన బట్టలతో తిరిగొచ్చేసరికి గోడమూల తెల్ల ఈకలు ఉన్నాయి, తెల్ల లేదు.

*

తల్లికోడి వంటపాక మూల గడ్డితట్టలో కూర్చుని రెండో విడత గుడ్లు పొదుగుతోంది. బూదమ్మ వెళ్ళి తట్ట పక్కన నక్కింది.

"విన్నాను," అంది తల్లి. "ఇక్కడికి అంతా వినపడుతుంది. లేవలేను. లేస్తే ఇవి చల్లబడి చచ్చిపోతాయి." ఆ మాట గోడవైపు చూస్తూ అంది.

"అమ్మా, దెబ్బ మానిపోయింది కదా. మరెందుకు చంపేశారు?"

"దెబ్బ కాదే దాన్ని చంపింది. ఆ నాలుగు రోజులు. కోడి బుర్ర ఎంతుంటుంది? కళ్ళెదుట తిరిగేవాళ్ళే చుట్టాలు. నాలుగు రోజులు కనపడకపోతే పరాయివాళ్ళు. దాని చోటు అప్పుడే పోయింది. పరాయిది వచ్చి మన చట్టిలో మూతి పెడితే ఊరుకుంటారా?"

"సూరాయమ్మకి ఆ సంగతి తెలీదా?"

"ఆవిడ మంచిదే. దెబ్బ తిన్నవాళ్ళని దాస్తుంది, కొట్టినవాళ్ళని వదిలేస్తుంది. మనుషుల్లో పద్ధతి అదే కాబోలు."

బూదమ్మ మెల్లగా అంది. "గద్ద అని ఒక్క కేక వేసుంటే అందరూ చెదిరిపోయేవాళ్ళు. అది బతికేది. నాకు నోరు రాలేదమ్మా."

"నోర్ముయ్!" తల్లి ఈకలన్నీ నిక్కబొడుచుకున్నాయి. "గద్ద రాకుండా గద్ద మాట ఎత్తకూడదు. ఎన్నిసార్లు చెప్పాను? ఒక్కసారి అబద్ధమైతే, నిజంగా వచ్చిన రోజున ఎవరూ దాక్కోరు. నువ్వు పోతావు, వాళ్ళు పోతారు, రేపు ఈ గుడ్లు పగిలి బయటికొచ్చేవాళ్ళూ పోతారు. చచ్చినా ఆ అబద్ధం ఆడకు."

బూదమ్మ తల ఊపి బయటికొచ్చింది. చట్టి దగ్గర తొమ్మిదిమంది వరసలో ఉన్నారు. ఆఖరి చోటు ఖాళీగా ఉంది. అది ఇప్పుడు తనది.

*

నాలుగు రోజులు ఎలాగో గడిచాయి. బూదమ్మ అందరూ తిని వెళ్ళాక చట్టి అడుగు గీరుకునేది. ఎవరి కంటా పడకూడదని తడిక వారనే నడిచేది. ఆ నడకే కొంప ముంచింది. తడికకి కట్టిన ఇనపతీగ కొస తోక మొదట్లో గీరుకుంది. చురుక్కుమంది. తల తిప్పి చూసుకుంటే బూడిదరంగు మీద ఎర్రటి చుక్క.

వెంటనే గోడకి వీపు ఆనించి కూర్చుంది. చుక్క గోడవైపు. అలా కూర్చుంటే ఎవరికీ కనపడదు. కానీ ఎంతసేపని కూర్చుంటుంది? దాహం వేసింది, లేవలేదు. మట్టిలో పొర్లుదాం రమ్మని చిన్నది బుడ్డి పిలిచింది, వెళ్ళలేదు. ఒక ఈగ వచ్చి సరిగ్గా అక్కడే వాలింది. బూదమ్మ దాన్ని తోలడానికి తోక కూడా కదపలేదు.

డేగడు తవుడు తిని, ముక్కు రెండువైపులా నేలకి తుడుచుకుని, తీరిగ్గా అటు వచ్చాడు.

"ఏంటే బూదమ్మా, ఇవాళ తవుడు చేదెక్కిందా?"

"కడుపులో బాగోలేదన్నయ్యా."

"ఓహో. కడుపులో బాగోకపోతే గోడకి అతుక్కుపోతారా? లే."

"కళ్ళు తిరుగుతున్నాయి అన్నయ్యా, ఇప్పుడు లేవలేను."

"లేవమంటున్నానా?" డేగడు ఇంకో అడుగు దగ్గరికొచ్చాడు. వెనక కాకోడు కూడా మెడ సాచాడు. "లేచి, వెనక్కి తిరుగు."

అదే క్షణాన వంటపాక తలుపు కిర్రుమంది. సూరాయమ్మ నూకల గిన్నెతో బయటికొచ్చింది. అందరూ అటు పరుగెత్తారు. డేగడు కూడా పరుగెత్తాడు, ఎంత రాజైనా నూకలు నూకలే కదా.

బూదమ్మ లేచిన చోట గోడ మీద ఎర్రటి మరక ఉంది. సూరాయమ్మ అది చూసింది.

"అయ్యో నా తల్లీ, నీకూ తగిలిందా!" అని, గబగబా వెళ్ళి గంప తెచ్చింది.

గంపను చూడగానే బూదమ్మ వెనక్కి గెంతింది. బయట ఉంటే ఇవాళ చస్తుంది. లోపలికి వెళితే ఐదో రోజు చస్తుంది. ఈ రెండు దారులూ తప్ప సూరాయమ్మ పెరట్లో మూడోది లేదు. పట్టుకోబోతే చేతికి చిక్కకుండా చిందులు తొక్కింది. సూరాయమ్మ విసిగిపోయి గంపకి ఒకవైపు ఇటుక పెట్టి ఎత్తింది, కింద నూకలు చల్లింది, "బా బా బా" అంటూ పక్కన నిలబడింది.

గంప నోరు తెరుచుకుని ఉంది. దాని ముందు బూదమ్మ, తోక తడిక వైపు తిప్పుకుని నిలబడింది. తల్లి మాట ఒకటే చెవిలో తిరుగుతోంది. చంపింది దెబ్బ కాదు, ఆ నాలుగు రోజులు. ఎవరి చోటైనా అంతేనా? పదకొండో చోటే పోతుందా, మొదటి చోటు కూడా పోతుందా?

"అడ్డు లే," అన్నాడు డేగడు పక్కనుంచి. "ఆ నూకలు నావి."

"బయట పడ్డవి తిను అన్నయ్యా," అంది బూదమ్మ. తన గొంతు తనకే కొత్తగా వినపడింది. "లోపలికి మాత్రం వెళ్ళకు."

"ఎందుకు వెళ్ళకూడదు?"

"అది బరిపుంజు గంప. పక్కింటి ఏసుబాబుగారి పుంజుకి ఉన్నలాంటిదే. తడికలోంచి చూశావు కదా, దానికొక్కదానికే ఒక గంప. పొద్దున్న బాదంపప్పు, సాయంత్రం ఖైమా. ఒళ్ళు పట్టడానికి మనిషి. పందెంలో దిగే పుంజుని మనతో కలిపి ఉంచరు. మనం ముట్టుకోకూడదు దాన్ని."

డేగడు తల ఒక పక్కకి వాల్చి, ఒంటికంటితో గంపని చూశాడు. "మరి అందులో మొన్న ఎవతో తెల్లటి పిల్ల కూర్చుంది కదే?"

వీడు మరీ అంత వెర్రివాడు కాదనుకుంది బూదమ్మ.

"కూర్చుంది," అంది. "పెట్టపిల్ల అయ్యుండి పుంజు గంపలో కూర్చుంది. అందుకే కదన్నయ్యా నీకు అంత కోపం వచ్చింది?"

తనకి కోపం ఎందుకొచ్చిందో డేగడు ఏనాడూ ఆలోచించలేదు. ఇప్పుడు చక్కటి కారణం దొరికింది. "అవును," అన్నాడు ఛాతీ పొంగిస్తూ. "అందుకే మరి."

"కాకోడన్నయ్య కూడా పొద్దుట్నుంచీ దాన్నే చూస్తున్నాడు. తనకే ఇస్తారేమో మరి, నాకేం తెలుసు."

కాకోడు చూస్తున్నది నూకల్ని. అయినా ఆ మాట చాలింది. డేగడు బూదమ్మను భుజంతో తోసేసి, మెడ నిక్కించుకుని, దర్జాగా గంప కిందికి నడిచి వెళ్ళాడు.

"నువ్వు కాదురా, బయటికి రా!" అని సూరాయమ్మ చెయ్యి పెట్టి నెట్టబోయింది. డేగడు ఆ చేతి మీద ఒక్కటి పొడిచాడు. తన గంపలో చెయ్యి పెట్టడానికి ఆవిడెవరు?

సూరాయమ్మ చేతిని చూసుకుంది. వేలి మీద రక్తం. ఆవిడ ముఖం మారిపోయింది.

"ఓరి నీ పొగరు! దీన్ని పొడిచింది నువ్వేనా? నా తెల్లదాన్ని మింగిందీ నువ్వేనా? ఉండు, అక్కడే ఉండు!" అని ఇటుకని కాలితో తన్నింది. గంప దబ్బున పడింది. పైన రాయి పడింది.

తరువాత బూదమ్మను మూలకి అదిమి పట్టుకుంది. ఇంట్లో గంప ఒక్కటే, అది నిండిపోయింది. అందుకని వేపనూనెలో కుండ మసి కలిపి దెబ్బ మీద దట్టంగా పూసి వదిలేసింది. ఎరుపు మసి కింద మాయమైంది. అయినా కాకోడు అనుమానంతో వచ్చి ఒక్కటి పొడిచి చూశాడు. "థూ! థూ! ఏం చేదే నీది!" అంటూ ముక్కుని నేలకేసి రాస్తూ పోయాడు. ఆ సాయంత్రం సూరాయమ్మ ఇంకో చట్టి కూడా పెట్టింది, చూరుకి మునగాకు కట్ట వేలాడదీసింది. ఎగిరి ఎగిరి ఆకు లాగడంలో ముక్కులకి పని దొరికింది.

*

మొదటి రోజు గంపలోంచి ఒకటే కూతలు.

"ఒసే బూదమ్మా, బాదంపప్పు ఎప్పుడొస్తుంది?"

"వస్తుందన్నయ్యా. ఒళ్ళు కుదురుకున్నాక పెడతారట."

రెండో రోజు తవుడే వచ్చింది. డేగడు దాన్ని కాలితో చిమ్మేసి, ఎవరూ చూడడం లేదనుకున్నాక ఏరుకుని తిన్నాడు.

మూడో రోజు గొంతు తగ్గింది. "బూదమ్మా, ఉన్నావా? వాళ్ళంతా నా గురించి ఏమనుకుంటున్నారే?"

"ఏమీ అనుకోవడం లేదన్నయ్యా."

అది నిజం. ఆ నిజానికి డేగడు గంప అల్లికకి ఒక కన్ను ఆనించి బయటికి చూశాడు. తరువాత అడిగాడు. "ఏసుబాబుగారి పుంజు ఏమంటోంది? దాన్ని కూడా ఇలాగే చేశారా ముందు?"

బూదమ్మ తడికలోంచి చూసింది. పక్కింట్లో గంప వెల్లకిలా పడి ఉంది. పుంజు లేదు. దాన్ని సంచిలో పెట్టుకుని పట్టుకెళ్ళి వారం దాటింది, తిరిగి తేలేదు.

"ఏమీ అనడం లేదన్నయ్యా," అంది.

ఆ మధ్యాహ్నమే ఇంకోటి జరిగింది. బూదమ్మ తింటున్న చట్టిలో బుడ్డి వచ్చి మూతి పెట్టింది. బూదమ్మ ఆలోచించకుండానే దాని నెత్తిన టక్కున పొడిచింది. బుడ్డి కీచుమని తల వంచి పక్కకి తప్పుకుంది. చట్టి అంతా బూదమ్మదే అయింది. తవుడు ఎప్పుడూ లేనంత రుచిగా ఉంది. ఆ రుచి తెలియగానే బూదమ్మకి, గోడకి వీపు ఆనించి కూర్చున్న రోజు కన్నా ఎక్కువ భయం వేసింది. "రావే, తిను," అని బుడ్డిని పిలిచింది. బుడ్డి చాలాసేపటికి గానీ రాలేదు.

*

ఐదో రోజు పొద్దున్న సూరాయమ్మ రాయి తీసి, గంప ఎత్తి, బట్టల మూటతో కాలవకి వెళ్ళిపోయింది.

డేగడు బయటికొచ్చాడు. ఎండకి కళ్ళు చికిలించాడు. నాలుగు రోజుల నీడకి నెత్తిన జుట్టు పాలిపోయింది. కాళ్ళు బిగుసుకుపోయి నడక తడబడుతోంది. అయినా తన చట్టి వైపే నడిచాడు.

"వచ్చేశానర్రా!" అన్నాడు.

తింటున్నవాళ్ళంతా తలలెత్తారు.

"ఎవడ్రా నువ్వు?" అన్నాడు కాకోడు.

"నేనేరా. డేగని."

"ఏ డేగ?"

ఆ మాట బూదమ్మ ముందు విన్నదే.

కాకోడు జుట్టు మీద పొడిచాడు. రక్తం చుక్క తేలింది. అంతే, మిగతా ఏడుగురూ తినడం మానేశారు. ఒక్కరూ అరవలేదు, ఒక్కరూ తిట్టలేదు. చుట్టూ చేరి మెల్లగా నడిచారు. డేగడు వెనక్కి వెనక్కి వెళ్ళి గోడమూలకి చేరాడు. ఇంకా రెండు తెల్ల ఈకలు మట్టిలో ఇరుక్కుని ఉన్న మూల అది. బుడ్డి, నిన్నటిదాకా అందరికీ భయపడిన బుడ్డి, ముందుకి దూరి ఒక పోటు పొడిచింది.

"బూదమ్మా!" డేగడి గొంతు పగిలింది. "నువ్వైనా చెప్పవే, నేనెవరో!"

బూదమ్మ వెనక నిలబడి ఉంది. అప్పుడు నిలబడిన చోటే. ఇదే కదా తను కోరుకున్నది? ఇంకో నాలుగు పోట్లు పడితే డేగడి భయం ఈ పెరట్లో ఇక ఉండదు. తను ముక్కు కూడా కదపక్కర్లేదు. కానీ కాకోడి కళ్ళు చూసింది. బుడ్డి కళ్ళు చూసింది. ఆ కళ్ళకి డేగడూ తెల్లా ఒకటే, రేపు తనూ ఒకటే. ఎర్రటి చుక్క ఎవరి ఒంటి మీద ఉందన్నదే వాటికి కావాలి. ఇవాళ డేగడు పోయినా ఆ కళ్ళు పోవు.

తల పైకెత్తింది. ఆకాశం ఖాళీగా ఉంది. ఒక్క రెక్క లేదు.

"గద్ద!" అని అరిచింది. "గద్దొచ్చింది! గద్ద!"

ఒక్క క్షణంలో పెరడు ఖాళీ అయిపోయింది. ఎవరు గూట్లో దూరారో, ఎవరు బొగ్గుల బస్తా వెనక దూరారో తెలియదు. వంటపాకలో తల్లికోడి గుడ్ల మీద రెక్కలు పరిచి నేలకి అతుక్కుపోయింది. పెరటి మధ్యలో బూదమ్మ ఒక్కతే నిలబడింది. గోడమూల డేగడు, కదలడానికి కాళ్ళు రాక.

"పరుగెత్తు," అంది బూదమ్మ. "ఆ గంపలోకే పో."

డేగడు వెల్లకిలా పడి ఉన్న గంపలోకి ఎగిరి దూకి తల దాచుకున్నాడు.

మిగతావాళ్ళు ఒక్కొక్కరే బయటికొచ్చేసరికి ఆ ఊపు పోయింది. తడి బట్టలతో వచ్చిన సూరాయమ్మ డేగడి నెత్తికి కూడా వేపనూనె, మసి పూసింది. సాయంత్రం కాకోడితో ఒక్కసారి ఎదురుబొదురుగా నిలబడ్డాడు డేగడు. రెండు పోట్లకే తల వంచి పక్కకి తప్పుకున్నాడు. దానితో అయిపోయింది. ఆ రోజు నుంచి అందరూ తిన్నాక తినేది డేగడే. అతను తినేదాకా బూదమ్మ చట్టి పక్కన నిలబడేది.

తల్లికోడి మూడు రోజులు బూదమ్మతో మాట్లాడలేదు. నాలుగో రోజు అంది. "నిజం గద్ద వచ్చిన రోజున నీ కేక ఎవరూ నమ్మరు. తెలుసా?"

"తెలుసమ్మా."

"మరేం చేస్తావు?"

"అందరికన్నా ముందు నేనే చూస్తాను. నమ్మేదాకా అరుస్తాను."

అప్పటినుంచి బూదమ్మ ఒక గింజ తింటే రెండుసార్లు ఆకాశం చూస్తుంది. దాని మెడ ఎందుకు ఇంకా సన్నబడిపోయిందో సూరాయమ్మకి అంతుపట్టలేదు.

గుడ్లు పగిలి కొత్త పిల్లలు బయటికొచ్చాయి. డేగడు వాటిని చుట్టూ కూర్చోబెట్టుకుని, "నేను నాలుగు రోజులు బరిపుంజు గంపలో ఉన్నాను, తెలుసా?" అని మొదలుపెట్టేవాడు.

"బాదంపప్పు పెట్టారా?" అని అడిగింది ఒకరోజు ఒక పిల్ల.

డేగడు గోడమూల వైపు చూశాడు. "లేదు," అన్నాడు. "నేనెవరో ఎవరికీ గుర్తు లేకుండా చేశారు."

నీతి: పదిమంది చేరి ఒకణ్ణి పొడవడం ఎవరు నేర్పుతారో, ఏదో ఒక రోజు ఆ ఒకడు వాళ్ళే అవుతారు.